శైలూ కాగితం కోసం బెంగళూరుకు

బెంగళూరుకు వెళ్ళొచ్చానని తెలిసి మా వీధి ఆడవాళ్ళు అడిగిందంతా పట్టుచీరల సంగతే. చిక్కపేటలో, అదీ ఒక చీరల అంగడి మిద్దె మీదే నాలుగు రాత్రులు పడుకుని, ఒక్క చీర మడతైనా విప్పి చూసుకోలేదంటే ఎవరూ నమ్మలేదు. నేను వెళ్ళింది ఒక కాగితం కోసం. మా శైలజ లాంటి బిడ్డలున్న తల్లులు అక్కడక్కడా ఉంటారనీ, వాళ్ళలో కొందరైనా ఆ ఊరికి బయలుదేరాలా వద్దా అని ఆలోచిస్తుంటారనీ నా నమ్మకం. ఇంట్లో అందరూ పడుకున్నాక, రోజుకు కొంచెం చొప్పున, వాళ్ళ కోసం రాస్తున్నాను.

శైలూకు ఆరేళ్ళు. పిలిస్తే పలకదు. కళ్ళలోకి చూడదు. తనకు నీళ్ళు కావాలంటే "నీళ్ళు కావాలా?" అని నన్నే అడుగుతుంది. నాలుగేళ్ళప్పుడు ఒక పెద్ద ఊళ్ళో డాక్టరుకు చూపించాం. పాప ఏమేం చేస్తుందో చెప్పమన్నారు. నేను బి.ఎస్సీ. చదివినదాన్ని. ల్యాబు రికార్డు రాసినట్టు ఒక్కటీ వదలకుండా చెప్పాను. తనలో తాను మాట్లాడుకుంటుంది, ఎవరూ లేకపోయినా ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది, కారణం లేకుండా నవ్వుతుంది అని. ఆయన అంతా రాసుకుని, "మీరు బిడ్డను ఎత్తుకుని ముద్దు చేసేవారేనా?" అని ఒక్క ప్రశ్న అడిగారు. ఆ ప్రశ్నకు నాకు ఏడుపొచ్చింది. కాగితం మీద చైల్డ్‌హుడ్ స్కిజోఫ్రీనియా అని రాసి, పొద్దునొకటి రాత్రొకటి మాత్రలు వేయమన్నారు. మాత్రలతో పాప మత్తుగా, చొంగ కార్చుకుంటూ గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

మా ఇంటికి పెద్ద మా బావగారు, అంటే మా వారి అన్నగారు. ప్రభుత్వ కార్యాలయంలో హెడ్ క్లర్కు. కాగితం లేనిదే దేన్నీ నమ్మరు, కాగితం ఉంటే దేన్నీ కాదనరు. ఆ కాగితం చూసి, అలాంటి పిల్లల్ని ఉంచుకునే హాస్టలు ఒకటి వాకబు చేసి దరఖాస్తు తెప్పించారు. చెడ్డ మనిషి కాదు. ఇంట్లో ఇంకా ముగ్గురు పిల్లలున్నారు, వాళ్ళకేమైనా అవుతుందని భయం. జూన్‌లో చేర్చుకుంటారట. దరఖాస్తు మీద మా వారి సంతకం అయిపోయింది, నాది మిగిలింది.

అప్పుడే బెంగళూరు నుంచి మా చిన్నమ్మ ఉత్తరం రాసింది, అక్కడి పెద్దాసుపత్రిలో పిల్లలకు వేరే విభాగం ఉందనీ, ఒకసారి తీసుకురమ్మనీ. బావగారు ఆలోచించి, "సరేమ్మా. ఇదొక్కసారి చూపించుకోని రా. వాళ్ళేం రాసిస్తే దాని ప్రకారం నడుచుకుందాం. మళ్ళా దీని మీద మాట్లాడేది లేదు" అన్నారు.

నేను ఒకటే నిశ్చయించుకున్నాను. పోయినసారి నా నోటితో చెప్పిందే నా బిడ్డ మీద పడింది. ఈసారి ఏదీ చెప్పకూడదు.

దేవనహళ్ళి దాకా

మా వారికి పరీక్షల డ్యూటీ. నేనూ శైలూ ఇద్దరమే అనంతపురంలో బస్సెక్కాం. ఏప్రిల్ ఎండ. కండక్టరు గొంతు మైకులా ఉంది. "ముందుకు జరగండి, ముందుకు జరగండి, లోపల జాగా ఉండాది, చిల్లర తియ్యండి!" ప్రతి స్టేజీలో అదే పాట. శైలూ చెవులు మూసుకుని, నా ఒడిలో తల దూర్చి, అయినా పెదవులు కదుపుతూనే ఉంది.

బాగేపల్లి దగ్గర రాష్ట్రం మారింది, మాట మాత్రం మారలేదు. బోర్డుల మీద అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. కూడబలుక్కుని చదివితే సగం తెలిసిపోయింది. పక్కసీటులో చిక్కబళ్ళాపురానికి పోయే ఒక ముసలమ్మ, ఒడిలో పట్టుగూళ్ళ సంచి. "పాపకేం ఒంట్లో బాగలేదా?" అంది. "గొంతులో గడ్డలు. ఆపరేషను" అన్నాను. అబద్ధం అంత సులువుగా నోటికొచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. ముసలమ్మ తన సంచి మీదే చెయ్యి వేసి ఏదో దేవుడికి మొక్కింది, పాపం.

దేవనహళ్ళిలో బస్సు ఆగగానే కిటికీల కింద చక్కోతల బుట్టలు. పంపరపనస అంటాం మనం. పిల్లల తలకాయంత కాయ. ఒలిచి తొనలు విడదీసి, ఉప్పూ కారం చల్లి, ఆకులో పెట్టి అర్ధరూపాయి. లోపల గులాబీ రంగు, పులుపూ తీపీ కాని ఒక వగరు. దాహం పోయింది. శైలూ తొన ముట్టలేదు గానీ, పారేసిన తెల్లటి దూది లాంటి తొక్కను నోట్లో పెట్టుకుని బెంగళూరు దాకా చప్పరించింది. ఆ తొక్క లాక్కోబోయి దాని కాలి చెప్పు ఒకటి ఎక్కడో జారవిడిచాను. దిగేటప్పుడు చూసుకుంటే ఒక్కటే ఉంది. సిటీలో దిగాక కొత్తవి కొంటే తొడగనివ్వలేదు. ఆరేళ్ళ పిల్లను చంకనెత్తుకుని చిక్కపేట సందుల్లోకి ప్రవేశించాను.

చిక్కపేట మిద్దె

చిక్కపేట వీధిలో మనిషి నడవడానికి వేరే దారి ఉండదు. తోపుడుబండ్లకూ, నెత్తిన బేళ్ళు మోసే హమాలీలకూ మధ్య ఏ సందు దొరికితే అదే దారి. "సైడు, సైడు!" అని వెనకనుంచి అరుస్తారు, తప్పుకునే లోపే భుజానికి బట్టల మూట రాసుకుంటూ పోతుంది. చిన్నాయన అంగడి కింద, ఇల్లు పైన. వాళ్ళ తాత కాలంలో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం. ఒక్కోసారి ఒకే మాటలో రెండూ.

"ఊట అయిందా? అన్నం తిన్నారా? అయ్యో, బిడ్డ ఎంత సోలిపోయిండాది చూడప్పా!" అంటూ చిన్నమ్మ శైలూను అందుకోబోయింది. శైలూ గోడకు తిరిగింది. చిన్నమ్మ నొచ్చుకోలేదు. "పోనీలే, నాకూ కొత్తవాళ్ళంటే బేజారే" అంది.

మన సంగటిలో అన్నం కలుస్తుంది. వాళ్ళ ముద్ద ఒట్టి రాగిపిండి. నమలకూడదట, పులుసులో ముంచి మింగాలట. నేను నమిలితే చిన్నాయన నవ్వు ఆపుకోలేకపోయారు. సాంబారులో బెల్లం వేస్తారు. మొదటి పూట అది సాంబారా పాయసమా అనిపించింది, మూడో పూటకు అలవాటైంది. మరొక వింత, హోటల్లో ఒక కాఫీ తెప్పించి రెండు లోటాల్లో పోయించుకుంటారు. బై-టూ అంటారు. మన ఊళ్ళో అలా అడిగితే ఆ మనిషి పిసినారితనం గురించి నాలుగు వీధుల్లో చెప్పుకుంటారు. ఇక్కడ అది స్నేహం.

ఆ సాయంత్రమే చిన్నమ్మ పని మొదలుపెట్టింది. వాళ్ళింట్లో ముగ్గురాడపిల్లలకు పెళ్ళిచూపులు జరిపించిన చేయి అది. "చూడు విజయా, డాక్టరు చూసేదీ, పెండ్లికొడుకోళ్ళు చూసేదీ ఒకటే. చూసినంతసేపూ బిడ్డ బాగుండాల. ఆ మీద దేవుడుండాడు" అంది. తన మనవరాలి పట్టులంగా తీసింది. కలకండ ముక్కలు గిన్నెలో పోసుకుని శైలూ ముందు కూర్చుంది.

"నీ పేరేమి?"

"నీ పేరేమి?" అంది శైలూ.

"అట్ల కాదు. శైలజ అను. శై-ల-జ." ఒక ముక్క.

రాత్రి భోజనాల వేళకు, నీ పేరేమి అంటే శైలజ అనడం, ఈమె ఎవరు అంటే అమ్మ అనడం, చేతులు జోడించడం వచ్చేశాయి. కలకండ గిన్నె ఖాళీ. చిన్నమ్మ మెటికలు విరిచింది. మర్నాడు పొద్దున నేను ఇంకొక పని చేశాను. పాప గొడవ చేయకుండా కూర్చోవాలని, రాత్రి వేయాల్సిన మాత్ర కూడా పొద్దున మాత్రతో కలిపి వేశాను. పాత కాగితాన్ని సంచిలోంచి తీసి చిన్నమ్మ బీరువాలో పెట్టేశాను.

ఆసుపత్రి వసారా

పొడుగాటి వసారా, పొడుగాటి బెంచీ. అరవం, కన్నడం, తెలుగు, ఉర్దూ, అన్ని భాషల తల్లులూ ఒకే తీరుగా కూర్చుని ఉన్నారు, పిల్ల చేయి మణికట్టు దగ్గర పట్టుకుని. బెంగళూరులో మధ్యాహ్నాలు కూడా చెట్టు కింద చల్లగా ఉంటాయి. మా ఊళ్ళో ఆ వేళకు కుక్కలు కూడా బయట తిరగవు.

నా పక్కన బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని చేసే ఒకాయన. తొమ్మిదేళ్ళ కొడుకు ఆయన చొక్కా గుండీలను ఒక్కటొక్కటిగా పెడుతూ, తీస్తూ ఉన్నాడు. ఆయన శైలూ పట్టులంగా, జడగంటలు చూసి, "ఏమక్కా, ఇట్నుంచి ఇట్లే పెండ్లికి పోతారా?" అన్నాడు.

"లేదండీ, ఊరికే."

"మా వాడిని నేనూ మొదటిసారి టక్కు చేసి తీసుకొస్తిని లే." నవ్వాడు. "మొదట చెవుడన్నారు. ఇంకొక దగ్గర మందం అన్నారు. ఇక్కడికొచ్చినాక ఇంకొక పేరు రాసినారు. మా ఫ్యాక్టరీలో ఇట్లే అప్పా, మిషను అదే, ముందర బోర్డు మారుస్తా ఉంటారు."

"మారిస్తే ఏం లాభం?"

"ఏం లాభమా? చెవుడన్నప్పుడు వీడి చెవి దగ్గర అరిచి అరిచి మా ఆడమనిషి గొంతు పోయె. వీడికి శబ్దమంటేనే భయం. ఇప్పుడు మెల్లగా మాట్లాడతాము, వింటాడు. బోర్డు సరిగ్గా ఉంటేనే కదక్కా, ఏ నూనె పొయ్యాలో తెలిసేది."

ఇంతలో మా పేరు పిలిచారు.

డాక్టరమ్మ గది

డాక్టరమ్మకు నలభై దాటి ఉంటాయి. కోలారు పక్క ఆమె అట. అంత చదువుకున్నా తెలుగు మాట్లాడితే మా ఊరి సంతలో మాట్లాడినట్టే ఉంది. నాకు భయం సగం తగ్గింది. మిగతా సగంతోనే అబద్ధాలు చెప్పాను.

"బిడ్డ తనలో తాను మాట్లాడుకుంటాదా?"

"లేదండీ."

"ఉన్న వస్తువు జరిపితే ఏడుస్తాదా?"

"లేదు, సర్దుకుంటుంది."

"తోడిపిల్లలతో ఆడతాదా?"

"ఆడుతుంది. కొంచెం సిగ్గు."

శైలూ మత్తుగా కూర్చుంది. నీ పేరేమి అంటే శైలజ అంది. నా గుండె ఎగిరింది. ఈమె ఎవరు అంటే అమ్మ అంది. ఏదో కొయ్య పలక ముందు పెడితే దాని మీద తల వాల్చింది. డాక్టరమ్మ చాలాసేపు చూసి, "మాట స్వల్పంగా ఉండాది, చురుకు లేదు. బుద్ధి కొంచెం మందం అనిపిస్తా ఉంది. ఎల్లుండి ఇంకొక తూరి తీసుకోని రామ్మా. చూసి రాసిస్తాను" అన్నారు.

మందబుద్ధి! మీకు విడ్డూరంగా ఉంటుంది గానీ, ఆ మాట విని ఆసుపత్రి మెట్లు నేను దాదాపు పరుగెత్తుతూ దిగాను. పిచ్చి కాదు. మందబుద్ధి పిల్లలు ఏ వీధిలో లేరు? బావగారు ఆ కాగితం చూస్తే హాస్టలు మాట ఎత్తరు. పాప ఇంట్లోనే ఉంటుంది.

చిన్నమ్మ ఒబ్బట్లు చేసింది.

చిన్నాయన అంగడి

మర్నాడు మధ్యాహ్నం వరకు నా సంతోషం నిలిచింది. మాత్రలు మామూలు లెక్కకు వచ్చేసరికి శైలూ తేరుకుంది. మేము వచ్చిన రోజు నుంచీ దానికి కింద అంగట్లో ఒక అల్మారా ఇష్టమైంది. వీలైనప్పుడల్లా తెల్లటి పరుపు మీద మూల కూర్చుని, ఆ అరల్లో చీరల మడతలను చూస్తూ ఉండేది. అడ్డు కాదు కదా అని చిన్నాయన ఏమీ అనలేదు.

ఆ మధ్యాహ్నం కోలారు నుంచి ఒక పెళ్ళివారు వచ్చి ఆ అల్మారా మొత్తం దింపించారు. గుమాస్తా తర్వాత ఎలాగో సర్దాడు. శైలూ అన్నం తిని కిందికి వచ్చింది, అల్మారా చూసింది, అంతే. ఆ అరుపు నేను మీకు రాతలో వినిపించలేను. చేత్తో తల బాదుకుంటూ పరుపు మీద పడింది. పెళ్ళివారు లేచి నిలబడ్డారు. ఒకామె "గాలి సోకిండాది, నిమ్మకాయ దిగదుడవండి" అంది. మరొకామె తన పిల్లను వెనక్కి లాక్కుంది. నేను సిగ్గుతో పాపను పైకి ఈడ్చుకుపోబోయాను.

చిన్నాయన నన్ను ఆపారు. "విడిచిపెట్టమ్మా. ఏమి కావాలనో చూస్తాము." గుమాస్తాతో అర ఖాళీ చేయించారు. శైలూ ఏడుస్తూనే లేచింది. కుప్పలోంచి ఒక చీర తీసి పెట్టింది, తర్వాత ఇంకొకటి. అందనివి వేలితో చూపించలేదు, చిన్నాయన చేయి పట్టుకుని ఆ చేతిని చీర మీదికి నెట్టింది. ఆయన తీసి ఇస్తూ పోయారు. ఇరవై నిమిషాలు. అరలు నిండాయి. ఏడుపు ఆగింది. మళ్ళీ మూలకు పోయి కూర్చుంది. పెళ్ళివారు బేరం మాట మరచిపోయి చూస్తూ ఉండిపోయారు.

"ముప్పై ఏండ్లుగా ఇవి మడత పెడతా ఉండాను నేను" అన్నారు చిన్నాయన, వాళ్ళు వెళ్ళాక. "ఏది యాడుండెనో నాకు తెలీదు. ఈ బిడ్డకు తెలుసు. దీనికి బుద్ధి మందమని ఆ డాక్టరమ్మ అన్నాదంటే, నువ్వేమి చెప్తివి ఆమెకు?"

"ఏమీ చెప్పలేదు చిన్నాయనా."

"అదే మరి! చీర మడతలోనే పెట్టి, ఇది ఏ నేత చెప్పు అంటే ఎవరు చెప్తారు?"

చిన్నమ్మ మెట్ల మీదనుంచే అందుకుంది. "నువ్వు సుమ్మనే ఉండప్పా! చెప్తే మళ్ళా పిచ్చి అని రాస్తారు. బిడ్డను తీసకపోయి హాస్టల్లో పడేస్తారు. రేపు కూడా నిన్నటి మాదిరే చేయి విజయా. లంగా ఇస్త్రీ చేసి పెట్టిండాను."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నా చేతికి అందబోతున్న కాగితంతో పాప ఇంట్లో ఉంటుంది. నిజం చెబితే ఉండకపోవచ్చు. పైకి పోయి కిటికీ దగ్గర కూర్చుని రెండు పక్కలా తూచుకున్నాను. ఒక్క విషయం దగ్గరే ఆగిపోయాను. ఆ కాగితానికి తగ్గట్టు పాప ఉండాలంటే, నిన్న పొద్దున వేసినట్టు రోజూ రెండు మాత్రలు కలిపి వేయాలి. గోడకు ఆనుకుని, చొంగ కార్చుకుంటూ కూర్చున్న బిడ్డ కోసమా నేను ఇంత దూరం వచ్చింది?

లేచి, చిన్నమ్మ బీరువాలోంచి పాత కాగితం తీసి సంచిలో పెట్టుకున్నాను. చిన్నమ్మ చూసింది. కళ్ళొత్తుకుంది.

మళ్ళీ అదే గది

మాసిన నూలు గౌను, ఒట్టి కాళ్ళు, రెండు జడలకు బదులు ఒకటి. డాక్టరమ్మ తలెత్తి మమ్మల్ని చూసి మళ్ళీ చూశారు. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. కూర్చుంటే ధైర్యం పోతుందని భయం.

"మొన్న నేను చెప్పింది నిజం కాదండీ. మాటలు కలకండ పెట్టి నేర్పించాం. పాప నిద్రలో ఉన్నట్టు ఉండడానికి రెండు మాత్రలు వేశాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టారు. "రెండూ ఒకే తూరా? ఎంత పని చేసినావమ్మా!" అని కోప్పడ్డారు. శైలూ రెప్పలెత్తి కళ్ళు, నాలుక, చేతుల వణుకు అన్నీ చూశారు. తర్వాత నిట్టూర్చి అన్నారు, "నేను డాక్టరునమ్మా, పెండ్లికొడుకు తల్లిని కాదు. నాకు బిడ్డను చూపించాల, జడగంటలు కాదు. నాకు అనుమానం వచ్చే ఎల్లుండి రమ్మంటిని."

పాత కాగితం ఇచ్చాను. చదివారు. "లేని గొంతులు వినిపిస్తాయి అని ఉండాది దీంట్లో. ఎవరు చెప్పినారు?"

"నేనే. ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుందని చెప్పాను."

శైలూ అప్పటికే గదంతా తిరుగుతోంది. బల్ల మీది గాజు పేపర్‌వెయిట్‌ను నేల మీద పెట్టి తిప్పుతూ, మగగొంతుతో అంటోంది. "ముందుకు జరగండి, ముందుకు జరగండి, లోపల జాగా ఉండాది, చిల్లర తియ్యండి."

డాక్టరమ్మ చెయ్యెత్తి నన్ను ఆగమన్నారు. మొత్తం విన్నారు. "ఇది ఎవరి గొంతు?"

"మేము వచ్చిన బస్సు కండక్టరుది. అచ్చం అలాగే అరిచాడు."

"వేరేవి?"

"రేడియోలో వార్తలు. మా అత్తగారు పాలవాడితో పోట్లాడింది. నేను పోయిన ఏడు జ్వరంలో మూలిగింది కూడా."

"అయితే లేని గొంతు ఒకటైనా ఉందా? ఆలోచించి చెప్పు."

ఆలోచించాను. రెండేళ్ళుగా నేను విన్న ప్రతి మాటనూ వెతికాను. ఒక్కటీ లేదు. అన్నీ ఎక్కడో ఎవరో అన్న మాటలే. ఆ సంగతి నాకు తెలుసు, ఎప్పుడూ తెలుసు, కాని ఎవరూ అలా అడగలేదు.

ఆ తర్వాత గంటసేపు అడిగారు. మొదట బాగుండి తర్వాత మారిందా, మొదటినుంచీ ఇంతేనా? ఏడాది నిండకముందే ఎత్తుకుంటే కట్టెలా బిగుసుకునేదని చెప్పాను. చీరల అల్మారా సంగతి చెప్పాను. ఆ అల్మారా దగ్గర ఆమె కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"చూడమ్మా" అన్నారు చివరికి. "ముందు ఇటువంటి బిడ్డల్నీ, ఆ పెద్ద జబ్బు వచ్చిన బిడ్డల్నీ ఒకే గంపలో వేస్తా ఉండిరి. నీ కాగితం రాసినాయన కూడా ఆ చదువే చదివినాడు, ఆయన్ని తిట్టుకోవద్దు. ఇప్పుడు రెండూ వేరే అని పెద్ద డాక్టర్లు ఒప్పుకోని, పుస్తకాల్లో విడదీసి రాసినారు. రెండున్నరేండ్ల లోపలే మొదలైంది, లేని గొంతులు లేవు, మార్పంటే ఓర్వదు, విన్నదే తిరిగి చెప్తాది. దీని పేరు ఇన్‌ఫంటైల్ ఆటిజం. పిచ్చి కాదు. ఊరికే మందబుద్ధీ కాదు."

"నేను సరిగ్గా ఎత్తుకోలేదని వచ్చిందా?"

అడగాలనుకోలేదు. అదే బయటికి వచ్చింది.

"కాదు. ఆ మాట కూడా పాత గంపలోదే. ఇంటికి మోసకపోవద్దు."

నయమవుతుందా అని అడిగాను. అవదని, మొహం మీదే చెప్పారు. మాట, చేత, బడి, అన్నీ నేర్పాలనీ, నిదానంగా నేర్చుకుంటుందనీ, మాత్రలు ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా తగ్గించాలనీ, మూడు నెలలకొకసారి తీసుకురావాలనీ చెప్పారు. పాత కాగితం మీది పేరు కొట్టేయమని అడిగాను. "ఇంకొకరు రాసింది నేను కొట్టేసేది కాదు. నాది నేను రాస్తా" అన్నారు. హాస్టలు విషయం, బావగారి విషయం చెప్పాను. ఆమె రాసిన దాని కింద ఇంకో మూడు వరుసలు రాశారు. ఇది స్కిజోఫ్రీనియా కాదని, బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని, బడికి పంపాలని.

"ఇది కూడా ఇంకొక పదేండ్లకు మార్చినా మార్చవచ్చు" అన్నారు కాగితం చేతికిస్తూ. "మేము నేర్చుకుంటా ఉండాము. నువ్వు బిడ్డను చూసి నడుచుకో."

వసారాలో ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా కాసేపు ఏడ్చాను. నయం కాదన్నందుకు ఏడ్చానో, నావల్ల కాదన్నందుకు ఏడ్చానో ఇప్పటికీ తెలియదు. శైలూ నా కొంగు చివర కుచ్చులు లెక్కపెట్టినట్టు తాకుతూ నిలబడింది.

అనంతపురం

తిరిగి వచ్చిన సాయంత్రం బావగారు ముందుగది బల్ల దగ్గర కూర్చుని కాగితం చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు. హాస్టలు దరఖాస్తు పక్కనే పెట్టుకున్నారు. మా వారు గుమ్మంలో నిలబడ్డారు.

"పిచ్చి కాదనే రాసినారు" అన్నారు బావగారు.

"కాదు బావగారూ."

"నయమవుతుందని రాయలేదే?"

"అవదన్నారు. నేర్పితే నేర్చుకుంటుందన్నారు."

"మందబుద్ధి అనైనా రాయించుకోని రావచ్చు కదమ్మా. నలుగురికీ తెలిసిన మాట. ఈ పేరు మన ఊళ్ళో ఎవరికి తెలుసు?"

"మొదటిరోజు చెప్పిన మాటల మీదే ఉంటే ఆ కాగితమే వచ్చేది. నేనే పోగొట్టుకున్నాను." జరిగింది జరిగినట్టు చెప్పాను. మాత్రల సంగతి కూడా. మా వారు తల దించుకున్నారు. "ఈ పేరు ఎవరికీ తెలియకపోతే నేను చెప్తాను. బడిలో పంతులమ్మకు చెప్తాను, వీధిలో అడిగినవాళ్ళకు చెప్తాను."

బావగారు ఆ పేరును పెదవులతో పలికి చూసుకున్నారు. మొదటిసారి తప్పు పోయింది. కాగితం దగ్గరగా పెట్టుకుని ఒక్కో అక్షరం పలికారు.

"రేపు వాళ్ళే దీన్ని కూడా మారిస్తేనో?"

"మారిస్తే మళ్ళీ వెళ్తాను. ఎన్నిసార్లు మార్చినా వెళ్ళి తెలుసుకుని వస్తాను. పాప మాత్రం ఇక్కడినుంచి కదలదు. నేను సంతకం పెట్టను."

ఆ ఇంట్లో ఆయన ముందు నేను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. ఆయన కలం మూత తీసి, హాస్టలు దరఖాస్తు మీద అడ్డంగా "అవసరం లేదు" అని రాసి, ఆఫీసులో ఫైలు మూసేటప్పుడు చేసినట్టే, తేదీ వేసి కింద పొట్టి సంతకం చేశారు.

శైలూ పెరట్లో కుళాయి చుక్కల కింద అరచేయి పెట్టి నిలబడి ఉంది.

"శైలజా" అని పిలిచారు బావగారు. అది తిరగలేదు. కొంచెం గొంతు తగ్గించి మళ్ళీ పిలిచారు. తిరగలేదు.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, లేచి, తనే దాని దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నారు.